రాణిగారి స్నానాల గది

తేనెగుండ్ల కోటలో లైసెన్సు ఉన్న గైడు నోటితో చెప్పినదల్లా సాయంత్రానికి రాయితో, సున్నంతో సహా లేచి నిలబడుతుంది. ఏ గైడూ చెప్పనిది మెల్లమెల్లగా కరిగిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. నిర్వహణ ఖర్చు లేని పద్ధతి కాబట్టి పర్యాటక శాఖ దీన్ని మెచ్చుకుని, రెండేళ్ల డిప్లొమా కోర్సు కూడా పెట్టింది. ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబితే ఏనుగుల శాల మీద ఇంకో ఏనుగుల శాల లేస్తుంది కనుక, ఆమోదిత వ్యాఖ్యానం అని ఒకటి రాయించి, గైడ్లందరూ అదే చెప్పాలన్నారు.

ఆ వ్యాఖ్యానంలో సున్నపు వీధి లేదు. కోట గోడలకు గానుగ సున్నం నూరినవాళ్ల వీధి అది, కోట వెనక వాలులో ఉంటుంది. రాజులు పోయినా ఆ వీధివాళ్లు బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోసి సున్నం నూరడం మానలేదు. ముందు వాళ్ల ఇళ్ల గడపలు పోయాయి. తర్వాత తలుపులు పలచబడ్డాయి. తాళం వేసి ఉన్నా లోపలికి నడిచి వెళ్లొచ్చు కనుక, తాళంచెవి కనబడలేదన్న గొడవ ఆ వీధిలో లేకుండా పోయింది. రెవెన్యూ అధికారులు వచ్చి, విచారణ చేయాలంటే ముందు వీధి కనిపించాలి కదా అన్నారు. సబబే. చాలామంది మూటాముల్లె సర్దుకుని, నలుగురి నోళ్లలో నానే ఊళ్లకు వెళ్లిపోయారు.

మద్దిలేటమ్మ మాత్రం పోలేదు. ఆమె కూతురు ఓబులేశ్వరి డిప్లొమాలో చేరింది. గైడయితే తమ వీధి పేరు నోరారా చెప్పొచ్చని, చెబితే అమ్మ ఇంటి గోడలు మళ్లీ గట్టిపడతాయని ఆశ. ఆ ఆశే లేకపోతే ఆ పిల్ల పట్టపుటేనుగు మేత వివరాలు బట్టీ పట్టేదే కాదు.

పాఠం చెప్పే పీరావలి సారును ఆమె మొదట్లోనే అడిగింది.

"సార్, మా వీధి గురించి ఒక్క మాట చెప్తే ఏమైతాది?"

"లైసెన్సు పోతాది పాపా. లైసెన్సు లేనోళ్ల మాట ఈడ నిలబడదు," అన్నాడాయన. పాపం, మంచివాడు, ఒక దారి కూడా చూపించాడు. "టూరిస్టు అడిగితే చెప్పొచ్చు. అడగందే చెప్పగూడదు."

ఓబులేశ్వరి కష్టపడి చదివింది. అన్నిటికన్నా రాణిగారి స్నానాల గది భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టింది. దానికి మార్కులెక్కువ. పన్నీటి వాసన, పైకప్పు కంతలోంచి నీళ్లలోకి జారే వెన్నెల, ఎక్కడో అందెల చప్పుడు... ఆమె చెబుతుంటే పరీక్షాధికారి బూట్లు తడిశాయి. మొదటి ర్యాంకు ఇచ్చి, మెడలో లైసెన్సు కార్డు వేసి పంపారు.

ఇక ఉద్యోగం. టూరిస్టులు మరుగుదొడ్డి ఎక్కడని అడిగారు, సినిమా షూటింగు ఎక్కడ జరిగిందని అడిగారు, అందరూ రాణిగారి స్నానాల గది అడిగారు. అడిగినవాళ్లను ఎక్కువ దూరం నడిపించరాదని నిబంధన ఉంది. అందుకని గైడ్లు నిలబడ్డ చోటే ఒక గది చూపించేవాళ్లు. కోట నిండా స్నానాల గదులు లేచాయి. రాణి మాత్రం ఒక్కతే. ఈ తేడా తమ దృష్టిలో ఉందని శాఖ తెలియజేసింది.

వాలులో వీధి గురించి అడిగిన పుణ్యాత్ముడు లేడు. మద్దిలేటమ్మ ఇంట్లో గొడుగు వేసుకుని వంట చేసుకునే రోజులొచ్చాయి.

"అమ్మా, ఇంగ నువ్వే టికెట్టు తీసుకోని రా," అంది కూతురు. "ఈ వాలులో ఎవురుండారు అని అడుగు. ఆ ఒక్క మాట చాలు."

"అడుగుతాలే. మన ఇంటి సంగతి నేనడక్క ఇంకెవురడుగుతారు?"

మద్దిలేటమ్మ పెట్టెలోని చీర తీసి కట్టుకుని, ఆ ప్రశ్ననే మననం చేసుకుంటూ మెట్లెక్కింది. కూతురి వ్యాఖ్యానం ఆమె వినడం అదే మొదటిసారి. మిట్టమధ్యాహ్నం వెన్నెల కాసింది. పన్నీటి మంచు జనం భుజాల మీద వాలింది. తన కడుపున పుట్టిన పిల్లకు ఇన్ని మాటలొచ్చా అని ఆ తల్లి నోరు తెరిచి వింది.

వాలు దగ్గర ఓబులేశ్వరి ఆగింది. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అమ్మ వైపే చూసింది.

మద్దిలేటమ్మ చెయ్యెత్తింది. "రాణిగారు నీళ్లు పోసుకునేది యాడమ్మా?"

ఓబులేశ్వరికి ఏడుపొచ్చింది. వ్యాఖ్యానంలో ఏడుపుకు చోటు లేదు. నిబంధన ప్రకారం, దగ్గర్లో ఉన్న ఖాళీలాంటి చోటికి చెయ్యి చూపించింది. ఆ సాయంత్రం మద్దిలేటమ్మ పొయ్యీ గానుగా ఉన్న చోట, పాలు పొంగినంత మెత్తగా ఒక గుమ్మటం పైకి లేచింది. చాలా అందంగా ఉందని అందరూ ఫొటోలు తీసుకున్నారు.

మద్దిలేటమ్మ ఇప్పుడు టౌనులో ఉంటుంది. ఇల్లు పోయినవాళ్లకు ఇల్లు గానీ ఇంటివాళ్లు గానీ గుర్తుండే పద్ధతి తేనెగుండ్లలో లేదు. కానీ ఆమె తరచుగా టికెట్టు కొనుక్కుని వస్తుంది. ఎందుకో ఆ గుమ్మటంలోనే ఒక మూల కూర్చుంటుంది, గోడ సున్నాన్ని వేలితో గీకి వాసన చూస్తుంది. మొన్న గుంపులోంచి ముందుకొచ్చి గైడు చెయ్యి పట్టుకుంది.

"శానా బాగ చెప్తావు పాపా. మీది యా ఊరు, యా వీధి?"

టూరిస్టు అడిగింది. ఇప్పుడు చెప్పొచ్చు. ఓబులేశ్వరి నోరు తెరిచింది. బెల్లం నీళ్ల వాసనలాంటిదేదో వచ్చి పోయింది. ఎంత వెతుక్కున్నా పేరు నాలుక మీదికి రాలేదు. జనం ఎదురుచూస్తున్నారు.

"అందరూ కుడివైపు చూడండి," అంది.

అందరికంటే ముందు అమ్మ చూసింది.