ఎర్ర గొడుగు వెనకాల

డ్రిల్లు టీచరు ఆ ఉదయం లేస్తూనే పళ్ళు బిగించింది. సాయంత్రం దాకా వాటిని అలాగే ఉంచాలని ఆమె నిర్ణయం. ముందు గడియార స్తంభం ఎక్కడం, తర్వాత పాత బజారులో చేపల వేపుడు తినడం, పొద్దువాలే వేళకి రేవులో పడవెక్కి ఊరు చుట్టి రావడం, ఇదీ ఆనాటి కార్యక్రమం. ఇందులో ఏదీ కష్టం కాదు. ఇదంతా కోప్పడకుండా చెయ్యడమే కష్టం.

కిందటిసారి ముగ్గురు స్నేహితురాళ్ళూ కలిసి ఊళ్ళు చూడబోయినప్పుడు, ఆమె రైల్వే స్టేషన్లో నలుగురూ వింటుండగా మిగతా ఇద్దరినీ కడిగిపారేసింది. హాస్టల్లో ఒకే కంచం ఒకే మంచంగా పెరిగిన వాళ్ళు ఆ దెబ్బతో ఏళ్ళ తరబడి మాటలు మానేశారు. ఈమధ్యే ఆ ఇద్దరిలో ఒకరైన నర్సు పూనుకుని రాజీ కుదిర్చింది. ఇద్దరూ ముందురోజు రాత్రే వచ్చి టీచరింట్లో దిగారు. షరతు ఒక్కటే. "నువ్వు నోరెత్తకూడదు. ఒక్క కేక వేశావా, ఉన్నపళంగా మా ఊరి బస్సెక్కేస్తాం. మళ్ళీ నీ గడప తొక్కం." టీచరు కిక్కురుమనకుండా ఒప్పుకుంది. ఆమెకున్న స్నేహితులు ఆ ఇద్దరే. అంత నోరున్న మనిషికి అంతకంటే ఎక్కువమంది మిగలరు.

"నువ్వా? సాయంత్రం దాకానా?" అన్నాడు భర్త, కాఫీ కప్పు అందిస్తూ.

"ఏం, నేను మనిషిని కానా?" అని ఇల్లు అదిరేలా అరిచి, వెంటనే నాలిక్కరుచుకుంది. "ఇది లెక్కలోకి రాదు. వాళ్ళింకా లేవలేదు."

నిజంగానే లేవలేదు. నర్సుకి రాత్రి డ్యూటీల పుణ్యమా అని ఆనుకున్న చోటల్లా నిద్ర. రెండో ఆమె అసలు పేరు హాస్టల్లోనే అందరూ మర్చిపోయారు. నిదానమే ప్రధానమన్న సామెత తన కోసమే పుట్టిందని నమ్మే ఆ మనిషిని అందరూ 'నిదానం' అనే పిలుస్తారు. నిదానం జడ వేసుకుంది, విప్పింది, మళ్ళీ వేసుకుంది. నర్సు ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోబోతూ గుమ్మంలోనే కునికింది. టీచరు చూస్తూ నిలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి భర్త వంటింట్లోకి తప్పుకున్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. "పర్లేదు," అంది టీచరు. తర్వాతి బస్సులో నిదానం దిగాల్సిన చోట దిగలేదు. ఆమె కోసం మిగతా ఇద్దరూ తర్వాతి స్టాపు దాకా వెళ్ళి, ముగ్గురూ ఎండలో వెనక్కి నడిచారు. "ఏం పర్లేదు," అంది టీచరు. ఆమె మెడ మీద నరమొకటి లేచి నిలబడింది. స్కూల్లో ఆ నరం కనబడితే చాలు, ఏడో తరగతి ఏడో తరగతంతా ఊపిరి బిగబట్టేది.

తీరా గడియార స్తంభం దగ్గరికి చేరేసరికి నిదానం చెప్పు తెగింది.

"మూల మీద చెప్పుల కొట్టుంది. ఇప్పుడే వచ్చేస్తాం. నువ్విక్కడే ఉండు, ఇవి కాస్త పట్టుకోవే," అని ఇద్దరూ తమ చేతిసంచులు ఆమె భుజానికి తగిలించి జనంలో కలిసిపోయారు. పర్సులు ఆ సంచుల్లోనే ఉన్నాయి. ఫోన్లూ ఆ సంచుల్లోనే ఉన్నాయి. పర్సు లేకుండా చెప్పులెలా కొంటారని టీచరుకి తట్టేసరికి వాళ్ళు వీధికి అవతల ఉన్నారు. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరం. ఆమె నోరు తెరిచింది. షరతు గుర్తొచ్చి మూసేసింది.

వాళ్ళకి కనబడాలని తన ఎర్ర గొడుగు విప్పి నెత్తికి ఎత్తుగా పట్టుకుని నిలబడింది. ఎండ ముదిరింది. చెయ్యి లాగింది. ఒక్క జత చెప్పులకి ఇంతసేపా? ఊళ్ళో ఉన్న తోలంతా తొడిగి చూస్తోందా? పాత బజారులో చేపలు మధ్యాహ్నం కాగానే అయిపోతాయని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది, నెమ్మదిగా, చిరునవ్వుతో. నెమ్మదిగా చెబితే ఎవడు వింటాడు?

"అమ్మా, ఇంకా ఎంతసేపు?" అన్నారెవరో వెనకనుంచి.

తిరిగి చూసింది. చేతికర్ర పట్టుకున్న ఓ పెద్దాయన. ఆయన వెనక ఒకే రకం పసుప్పచ్చ టోపీలతో ఇరవై మంది ముసలివాళ్ళు, అడ్డదిడ్డంగా, దారికి అడ్డంగా.

వీళ్ళ మీద అరవకూడదన్న షరతు లేదు. పొద్దుటి నుంచీ మింగిందంతా ఒక్కసారి పైకొచ్చింది. "దారికడ్డంగా ఆ నిలబడ్డమేంటి! మీకేమైనా బుద్ధుందా! వరసలోకి రండి! టోపీ సరిగ్గా పెట్టుకోండి, తాతగారూ!"

ఇరవై మందీ చప్పున వరసలో నిలబడ్డారు. టోపీలు సర్దుకున్నారు.

"నా వెనకెందుకు నిలబడ్డారు?"

"ఎర్ర గొడుగు ఎటెళ్తే అటు రమ్మని టూరు వాళ్ళు చెప్పారమ్మా. పొద్దుటి గైడు టిక్కెట్లకని వెళ్ళాడు."

"నేను గైడుని కాను!"

"మార్చారనుకున్నాం. మంచిదే," అన్నాడు చేతికర్ర తాత. "ఆయన మాట ఒక్కటీ వినబడి చచ్చేది కాదు. మీది హాయిగా వినబడుతోంది."

ఆమె విసవిసా చెప్పుల కొట్టుకి నడిచింది. ఇరవై మందీ విసవిసా వెనకాలే నడిచారు. "ఆరు జతలు తొడిగి, పర్సు లేదని ఇప్పుడే పోయారు," అన్నాడు కొట్టువాడు కసిగా. పరుగున స్తంభం దగ్గరికొస్తే అక్కడా వాళ్ళు లేరు. ఆకలేసి పాత బజారుకే పోయుంటారనుకుని అటు తిరిగింది. టోపీలు కూడా తిరిగాయి.

చేపల కొట్టు అంటే ఓ ఇరుకు గది, నల్లటి మూకుడు, చిటపటలాడే నూనె, గోడ వారన రెండు బల్లలు. కొట్టాయన గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "ఇంతమందిని తీసుకొస్తూ ముందో మాట చెప్పొద్దా తల్లీ?"

"వీళ్ళు నా వాళ్ళు కాదు!" అని అరిచి, అదే గుక్కలో, "ఎవరా ముందుకు తోసుకొచ్చేది? వెనక్కి! ముందు ఆడవాళ్ళు! ఆ పళ్ళెంలో ముక్క వదిలేశారేం, తినండి!" అంది. కొట్టాయన ఆమె మొదటి మాట నమ్మలేదు. ఒక్కొక్కరికీ వడ్డించాడు. ఆమె ఎక్కడ వరస చెదిరితే అక్కడికెళ్ళి అరిచింది. ముసలివాళ్ళు వేళ్ళు నాకుతూ, ఇంత పద్ధతిగా ఎవరూ తిండి పెట్టలేదని మెచ్చుకున్నారు. మూకుడు ఖాళీ అయింది. స్నేహితురాళ్ళు మాత్రం రాలేదు. కొట్టాయన షట్టరు లాగేశాడు.

ఇక మిగిలింది రేవు. పడవకైనా వస్తారు. వచ్చి తీరాలి.

బజారంతా వెతికి పొద్దువాలే వేళకి రేవు చేరేసరికి గాలికి టోపీలెగిరాయి. ఒకావిడ పడవలోకి కాలు పెట్టి, భయమేసి వెనక్కి తీసింది. "ఒక్కొక్కరు! ఒక్కొక్కరు ఎక్కండి! చెయ్యి పట్టుకోండి! నీళ్ళలోకి తొంగిచూడకండి, మీరు చేపలా!" టీచరు గొంతు అవతలి ఒడ్డుకి తగిలి తిరిగొచ్చింది. అప్పుడే మెట్లు దిగి ముగ్గురొచ్చారు. ముందు ఎర్ర గొడుగుతో ఓ బక్కపలచటి మనిషి. ఆయన వెనక నర్సు. ఆ వెనక ఒంటి చెప్పుతో నిదానం.

టీచరు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కేక వేస్తూ పట్టుబడింది. ఇక బస్సే. ఇక ఇద్దరూ లేనట్టే.

బక్క గైడు తన మనుషుల్ని చూసి ఇంచుమించు ఏడ్చాడు. వాళ్ళు మాత్రం ఆ అమ్మగారు చెబితేనే పడవ ఎక్కుతామన్నారు. ఆమె చెయ్యూపింది. ఎక్కారు. ఖాళీ లేదని సరంగు తాడు విప్పేశాడు, పడవ కదిలిపోయింది.

"వంతెన దగ్గర్నుంచీ వింటున్నాం," అంది నర్సు. పగలంతా మెలకువగా ఉండటం వల్ల ఆమె కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "నీ గొడుగే అనుకుని పరిగెత్తుకెళ్తే కింద ఈయన. చేతిలో పైసా లేదు, ఫోను లేదు. ఈయన తన గుంపుని వెతుక్కుంటుంటే, నిన్ను వెతుక్కుంటూ ఈయన వెనకే ఊరంతా తిరిగాం."

"చేపల కొట్టుకీ వెళ్ళాం," అంది నిదానం. "ఎవరో గయ్యాళి గుంపునేసుకొచ్చి ఊడ్చిపెట్టి పోయిందన్నాడు. అప్పుడే అర్థమైంది ఎవరో."

టీచరు తల వంచుకుంది.

"బుద్ధుందా నీకు?" నర్సు అరిచింది, టీచరుకి ఏమాత్రం తీసిపోకుండా. "పర్సు మర్చిపోయామని ఒక్క కేక వెయ్యలేకపోయావా? దారిన పోయే వాళ్ళకి ఇన్ని వేశావు కదే! మాకు రావలసిన తిట్లు ఊరందరికీ పంచిపెట్టి, మమ్మల్ని ఆకలితో మాడుస్తావా?"

అప్పుడొచ్చింది టీచరుకి అసలు కోపం. షరతు పెట్టింది ఎవరు? బస్సెక్కుతామని బెదిరించింది ఎవరు? ఛాతీ నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

నర్సు వెంటనే నర్సయిపోయింది. తన సంచిలోంచి ఫోను తీసి, లైటు వేసి, టీచరు గడ్డం పట్టుకుని నోట్లోకి చూసింది. "గొంతు పూర్తిగా కమిలిపోయింది. వారం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు."

టీచరు మెడ మీద నరం లేచి నిలబడింది. చేతులు గాల్లో తిరిగాయి.

నిదానం నర్సు ముఖంలోకి చూసింది. నర్సు నిదానం ముఖంలోకి చూసింది.

"అయితే వారం ఉండి వెళ్దామే," అంది నిదానం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా.