వాగిమాన్ గారి నల్ల గింజలు

సోమవారం పొద్దున్నే సోలో నగరంలోని తన ఇంటి వసారాలో కూర్చుని, వాగిమాన్ గారు చెంచాడు నల్లజీలకర్ర నోట్లో పోసుకున్నారు. ముఖం నానా వంకరలూ తిరిగింది. రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక ఆయన వల్ల కాదు, అందుకని గింజలు పట్టుకున్నారు. నెల తర్వాత పరీక్షలో అంకె దిగితేనే మేక కూర వండుతానని ఆయన భార్య, పేరు సుమిని, తేల్చి చెప్పేసింది. మేక కూర లేని ఆదివారం ఆయనకు ఆదివారమే కాదు.

"ఈ గింజలతోనే దించుతాను, చూస్తూండు!" అన్నారు.

ఆ వంకరలు గోడ మీంచి చూసిన పొరుగింటి తుమీ, ఆయనకేదో పెద్ద జబ్బని వీధంతా చాటింది. సాయంత్రానికి జనం పరామర్శకు దిగారు, తలా ఒక పళ్ళెం వేపుడు అరటిపళ్ళతో. సుమిని హడావుడిగా వసారా సర్దుతూ, గింజల డబ్బానూ, అచ్చం అలాగే ఉండే పెంపుడు కెనరీ పిట్ట మేత డబ్బానూ తీసి అలమరలో పెట్టింది.

"నాకే జబ్బూ లేదు తల్లీ!"

"ఉన్నవాళ్ళంతా ఇలాగే అంటారు," అంది తుమీ.

మర్నాడు గింజల్లో చేదు లేదు. నాలుకకి అలవాటైపోయిందని ఆయన మురిసిపోయారు. పట్టుదల కొద్దీ వేపుళ్ళు ముట్టలేదు. ఆయనకు తిండి సయించడం లేదని వీధిలో మరో కబురు పుట్టింది. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి పంపడం అక్కడ మర్యాద కాదు. సుమిని ఏదో ఒకటి వండి నింపేది. తాను నిక్షేపంలా ఉన్నానని చూపించడానికి ఆయనే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చేవారు. చెమటలు కక్కుతున్న మనిషిని చూసి, "పాపం, ముదిరిపోయింది," అని వీధివాళ్ళు ఇంకో రెండు పళ్ళాలు పంపేవారు.

నెల తిరిగింది. అంకె దిగింది!

"చూశావా, గింజల మహిమ!" వాగిమాన్ గారు ఎగిరి గంతేశారు.

"ఏ గింజలు?" అంది సుమిని. "పిట్ట కూత మానేసిందేమిటా అని ఇవాళే దాని గిన్నె చూశాను. అందులో ఉన్నది మీ నల్లజీలకర్ర. నెల్లాళ్ళూ మీరు నమిలింది దాని మేత."

ఆయన తగ్గలేదు. "అయితేనేం? మాట మాటే. కూర వండు."

ఆదివారం ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఇంకా ఇవ్వాల్సిన పద్నాలుగు పళ్ళాలూ వరసగా పేర్చి సుమిని కూర వడ్డిస్తోంది.

"చల్లారకముందే ఇచ్చి రండి."

కూర గిన్నె అడుగున మిగిలిన ఒక్క ఎముక కోసం ఆయన ఆ రోజు మూడు కిలోమీటర్లు నడిచారు.