పదిహేను కిలోల పుణ్యం

విమానంలో పెట్టె బరువు పదిహేను కిలోలు దాటకూడదని రూలు పెట్టిన మహానుభావుడెవరోగానీ, ఆయనకి మన బెజవాడలో సన్మానం చెయ్యాలండీ! శాలువా కప్పాలి. మెమెంటో ఇవ్వాలి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

మన ఇళ్ళల్లో అమ్మ మాటకి ఎదురుందా? మొగుడు చెబితే వినదు, డాక్టరు చెబితే వినదు. అలాంటిది చెక్-ఇన్ కౌంటర్లో కూర్చున్న పాతికేళ్ళ అమ్మాయి "మేడమ్, లగేజీ ఎక్కువుంది" అనగానే కిక్కురుమనకుండా పెట్టె తాళం తీస్తుంది. ఇంత పవర్ ఇంకెవరికుంది చెప్పండి?

సత్యనారాయణపురం కనకవల్లి గారి సంగతే తీసుకోండి. వాళ్ళమ్మాయి జ్ఞానేశ్వరికి గౌహతి కాలేజీలో సీటొచ్చింది. ఆ క్షణం నుంచి ఆవిడకి ఒకటే బెంగ. అస్సాంలో పిల్ల ఏం తింటుంది? అక్కడా అన్నమే తింటారని భర్త రామ్మూర్తి లెక్చరర్ గారు మ్యాపు చూపించి మరీ చెప్పారు. తింటారు సరే, ఏం కలుపుకుని తింటారు? దానికి మ్యాపులో జవాబు లేదు.

సర్దుడు మొదలైంది. ఆవకాయ, మాగాయ, గోంగూర. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. ఇంగువ ఒక్కటీ వేరే డబ్బాలో. నూనె కారకుండా సీసాకి కవరు, కవరు మీద పాత తువ్వాలు, తువ్వాలు మీద మళ్ళీ కవరు! ఆవిడ చెల్లెలు నాగవల్లి మంగళగిరి నుంచి సున్నుండల డబ్బాతో దిగింది. రోలూ రోకలీ కూడా వెళ్ళాల్సినవే, పట్టక ఆగిపోయాయంతే. పిల్ల బట్టలా? మూలల్లో కుక్కారు లెండి.

ఇక తూకం. రామ్మూర్తి గారు పెట్టె పట్టుకుని బాత్రూమ్ స్కేలెక్కారు. వచ్చిన అంకెలోంచి ఆయన బరువు తీసేస్తే మిగిలింది పెట్టెది.

"ముందు నన్నొక్కణ్ణీ చూడవోయ్" అన్నారాయన.

"మీ బరువు నాకు తెలీదా? డెబ్బై ఎనిమిది" అన్నారావిడ. తీసేస్తే సరిగ్గా పదిహేను!

గన్నవరం ఎయిర్‌పోర్టులో ముగ్గురూ కౌంటరు దాకా వెళ్ళారు. అక్కడ ఇరవై ఒకటి చూపించింది.

మెషీన్ పాడైందని కనకవల్లి గారు కాసేపు వాదించారు. చివరికి అసలు సంగతి తేలింది, ఆవిడ చెప్పిన డెబ్బై ఎనిమిది పాత లెక్క. షుగర్ వచ్చినప్పటినుంచీ రాగిజావ తాగుతూ, కాలవగట్టున నడుస్తూ రామ్మూర్తి గారు ఆరు కిలోలు తగ్గిపోయారు. మొగుడు చిక్కిపోయిన సంగతి ఇల్లాలికి ఎయిర్‌పోర్టు చెప్పాల్సొచ్చింది! ఆ రూలు గొప్పతనానికి ఇదొక్కటి చాలదూ?

ఆరు కిలోలు తీసెయ్యాలి. ఆవిడ నేల మీదే పెట్టె విప్పుకుని కూర్చున్నారు. ఇంగువ వాసనకి క్యూ మొత్తం ఇటు తిరిగింది. ముందు పిల్ల పుస్తకాలు బయటికొచ్చాయి, తర్వాత స్వెటరు.

"స్వెటర్లు అక్కడా దొరుకుతాయే. ఆవకాయ దొరుకుతుందా?"

"అమ్మా, నేను ఆవకాయ మానేసి రెండేళ్ళయింది."

"అదేంటే! ఎందుకూ?"

"ఇంటర్ హాస్టల్లో కడుపులో మంటొచ్చేది. వార్డెన్ మేడమ్ మాత్రలిచ్చేవారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నెలకో ఆదివారం వదిలేవాళ్ళు కదమ్మా. ఇంటికొస్తే నువ్వూ నాన్నా మార్కులే అడిగేవాళ్ళు. మొన్న సర్దేటప్పుడు చెబుదామనుకున్నా. నీ సంబరం చూసి నోరు రాలేదు."

జ్ఞానేశ్వరి కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. కనకవల్లి గారు చేతిలో ఉన్న ఆవకాయ సీసా పక్కన పెట్టేశారు. రామ్మూర్తి గారు స్వెటరు మడతపెట్టి, మెల్లిగా మళ్ళీ పెట్టెలో పెట్టారు.

"మరి అన్నంలోకి ఏం తింటావే తల్లీ?" అని అడిగారావిడ, కన్నకూతుర్ని, ఇంటికొచ్చిన కొత్త చుట్టాన్ని అడిగినట్టు.

గౌహతి దూరమేనండీ, కాదనను. లోపలికెళ్ళే పిల్లని చూసి ఇద్దరూ కళ్ళొత్తుకున్నారు. కానీ ఆ పిల్ల ఇల్లు విడిచి రెండేళ్ళు దాటింది. ఇంటికి గంట దూరం కూడా లేని కంకిపాడు ఇంటర్ హాస్టలుకి ఆటోలో వెళ్ళింది. ఆ రోజు పెట్టె బరువెంతని ఎవరూ అడగలేదు, ఎవరి కళ్ళూ చెమర్చలేదు. సీటొచ్చిందని వీధంతా స్వీట్లు పంచారు.