పిజ్జా రాకముందే దీవెన

ఆ ఆదివారం పొద్దున బెర్మెట్ వేసుకున్న పథకంలో తిరకాసు ఏమీ లేదు. రాజధాని బిష్కెక్ నుంచి కాబోయే వియ్యాలవారు వస్తున్నారు. వియ్యపురాలు క్లారా తన చేత్తో బెర్మెట్ కూతురు అయ్‌పెరి చెవులకు కమ్మలు పెడితే సంబంధం ఖాయమైనట్టు. కమ్మలు బ్యాగులోనే ఉంచుకుని వెళ్ళిపోతే, సాయంత్రానికల్లా కారకోల్ ఊరంతా ఆ సంగతి బెర్మెట్‌కే తిరిగి చెబుతుంది.

రాజధానివాళ్ళకు ఇంట్లో గొర్రెమాంసం ఉడికించి పెడితే మోటుగా ఉంటుందని ఆమె భయం. అందుకే కొండదారిలో కొత్తగా తెరిచిన పెద్ద పిజ్జా హోటల్లో బల్ల రిజర్వు చేయించింది. ఇక మిగిలింది మామగారు సాగిన్ తాత ఒక్కడే.

"మామయ్యా, అక్కడ మీరు దీవెన మొదలుపెట్టకండి."

"తిన్నాక కూడానా?"

"అందరూ తినేశాక నేను మీ కాలు తొక్కుతాను. అప్పుడు చెప్పండి."

"ఏ కాలు? కుడిదానికి వాతం."

"ఎడమకాలే తొక్కుతాను లెండి."

ఆమె జాగ్రత్తకు కారణం ఉంది. పెద్దాయన అరచేతులు చాచి దీవెన పలికాడంటే భోజనం ముగిసినట్టే. ఆపైన నోట్లో ఉన్నది మింగి లేవడమే మర్యాద. కిందటేడు మేనల్లుడి పెళ్ళిలో సాగిన్ తాత మాంసం రాకముందే దీవించేసి, పెళ్ళివారందరినీ ఉత్త టీతో ఇంటికి పంపించాడు.

హోటల్లో అడుగుపెట్టగానే అందరూ గుమ్మంలోనే ఆగిపోయారు. గోడలన్నీ అద్దాలు, అద్దాల నిండా మంచుకొండలు. హాలు నడుమ రాగిరేకు తొడిగిన పొయ్యి, చిన్నసైజు గుడారమంత ఉంది. దాని లోపల మంట నిదానంగా వెలుగుతోంది. సాగిన్ తాత టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. బెర్మెట్ గుండెల్లో గర్వం పొంగింది. తన ఊళ్ళో, తన కొండల కింద ఇంత గొప్ప చోటు వెలిసిందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

క్లారా మాత్రం బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీది ఫోర్కులనూ కత్తులనూ చూస్తూ బిగుసుకుని కూర్చుంది. పక్కన అయ్‌పెరి తల వంచుకుని ఉంది. క్లారాకు నచ్చలేదు కాబోలు అనుకుని బెర్మెట్ లోలోపల కుంగిపోయింది.

అప్పుడు వంటవాడు పిండి ముద్దను పలచగా సాగదీసి గాల్లోకి విసిరాడు. అది గిర్రున తిరుగుతూ దీపాల దాకా వెళ్ళింది. రొట్టె కింద పడితే మహాపాపమనే ఊరది. అలాంటిచోట రొట్టె ఎగురుతుంటే ఎవరికి ఊపిరాడుతుంది? బెర్మెట్ ఒళ్ళు మరిచి ముందుకు వంగింది. ఆమె బూటు మడమ సాగిన్ తాత ఎడమకాలి మీద గట్టిగా దిగింది.

తాత ఆశ్చర్యపోయాడు కానీ మాట తప్పే మనిషి కాదు. అరచేతులు చాచాడు. "ఇంత ఎత్తుకు రొట్టెను ఎగరేసిన చేతులు చల్లగా ఉండాలి. ఈ పొయ్యి ఆరకూడదు. ఈ పిల్ల కాపురం నిండుగా ఉండాలి." గొర్రెల మందను అదిలించిన గొంతు అది. హాలు మొత్తం ఖంగుమంది.

పెద్దాయన దీవిస్తుంటే చేతులు చాచకుండా ఎవరుంటారు? అన్ని బల్లల వాళ్ళూ చాచారు. "ఓమిన్" అని తథాస్తు పలికి, ఆ చేతులతో ముఖాలు తుడుముకున్నారు. వంటవాడు కూడా పిండి చేతులతో తుడుముకుని తెల్లబడ్డాడు. గాల్లో ఉన్న రొట్టె అతని కోసం ఆగలేదు, వచ్చి భుజాల మీద శాలువాలా పడింది. మరుక్షణం కుర్చీలన్నీ వెనక్కి జరిగాయి. దీవెన అయ్యాక కూర్చోవడం ఎవరి ఇంటా వంటా లేదు. జనం కోట్లు తొడుక్కుని బయటికి నడిచారు.

చివరి బల్ల నుంచి ఒకావిడ వచ్చి బెర్మెట్ చెయ్యి పట్టుకుంది. "తినకుండానే లేపేశారంటే చావు కబురే. ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు."

"పాపం, నీకింకా చెప్పలేదన్నమాట," అని ఆవిడ కళ్ళు ఒత్తుకుంది.

అలా హోటల్ మొత్తం ఆకలితో మంచులో నిలబడింది. యజమాని బాకిత్ పరుగున వచ్చాడు. "పిజ్జాలు ఇప్పుడే దిగుతున్నాయి తాతా. ఎవరు తింటారు? నేను మునిగిపోయాను."

"ఎందుకు మొదలుపెట్టారు మామయ్యా?" అని బెర్మెట్ నిలదీసింది.

"నువ్వే కదమ్మా తొక్కావు. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి."

క్లారా ఇటు తిరిగింది. "తొక్కడమేమిటి వదినగారూ?"

బెర్మెట్‌కు ఇక దాచే ఓపిక లేదు. మాంసం మోటని భయపడటం దగ్గర్నుంచి కాలి ఒప్పందం దాకా అంతా చెప్పేసి ఏడ్చేసింది.

"వదినగారూ, ఆ కత్తీ ఫోర్కూ చూసి నాకు చెమటలు పట్టాయి," అంది క్లారా. "రొట్టెను కత్తితో కోయడం మా అమ్మ చూస్తే చెయ్యి విరిచేది. దారి పొడుగునా మీ ఇంటి మాంసం తల్చుకుంటూ వచ్చాను. మీ మామగారు లేపకపోతే నా పరువు పోయేది."

సాగిన్ తాత గొంతు సవరించుకున్నాడు. "ముగిసింది ఆ బల్ల మీది భోజనం. వేరే చోట వేరే గుడ్డ పరిస్తే అది వేరే భోజనం."

పెద్దాయన చెప్పాక ఇక అడ్డేముంది. బాకిత్ తెల్లటి గుడ్డలు తెచ్చి వరండాలో పరిచాడు. పొగలు కక్కే పిజ్జాలను తాత తన చేత్తో తుంచి, ముందు పరాయివాళ్ళకు, తర్వాత తనవాళ్ళకు పంచాడు. మొదటి ముక్క నోట్లో పడగానే అందరూ మాట్లాడటం మానేశారు. పైన కొండలు ఎండకు మెరుస్తున్నాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న కొండలే అయినా, బెర్మెట్‌కు వాటిని ఆ పూటే సరిగ్గా చూసినట్టనిపించింది. తల దించేసరికి, క్లారా జున్ను అంటిన వేళ్ళతో అయ్‌పెరికి రెండో కమ్మ పెడుతోంది.

అప్పటి నుంచి ఆ హోటల్లో ముసలివాళ్ళు కూర్చోగానే వాళ్ళకు రెండు చేతులా పట్టుకుంటే తప్ప ఆగనంత పెద్ద మెనూ ఇచ్చి, ఆఖరి ముక్క అయ్యేదాకా వెనక్కి తీసుకోరు.