ముప్ఫై ఒక్క సగాలు

ఇంటర్మీడియట్ సీటుకు దరఖాస్తు పెట్టిన మర్నాడు భూలక్ష్మి కూతురు నీరజ ప్రధాన సంఖ్య అయిపోయింది. చిన్నాచితకా సంఖ్య కాదు: రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ఆ సంవత్సరం పిల్లలు సంఖ్యలవడం మామూలే కనక కాలేజీవాళ్లు వాళ్లకో కౌంటరు తెరిచారు.

ఏడో తరగతితో చదువు మానేసిన భూలక్ష్మికి ఏ కబురొచ్చినా ముందు గుండె జారుతుంది. ఆటోలోంచి ఏ అంకె కిందపడుతుందోనని దారి పొడుగునా చివరి అంకెను కొంగుతో మణికట్టుకు కట్టుకునే వచ్చింది. కౌంటరు ముందు బెంచీ మీద అయిదు అంకెలే పట్టాయి. మిగతా అయిదూ తల్లి ఒళ్లో సర్దుకున్నాయి.

నిబంధన ఒక్కటే. పిల్ల ఒకటో ఎక్కమూ తన సొంత ఎక్కమూ కాక ఇంకేదో ఒక ఎక్కంలో శేషం లేకుండా పోవాలి. లేకపోతే టైంటేబులు కుదరదు. గడువు ఆ సాయంత్రం అయిదు.

"రెండో ఎక్కంలో పోదు, చివర ఏడుంది," అన్నాడు గుమాస్తా దానియేలు. "మూడో ఎక్కం... అంకెలన్నీ కూడితే నలభై ఆరు. ఊహూ."

"ఏడో ఎక్కం చూడండి సార్. మా ఇంట్లో అందరం ఏడో తరగతే."

ఏడుకు ఒకటి మిగిలింది. పదకొండుకూ ఒకటే. పదమూడుకు ఏకంగా పది. "నలభై ఆరు వేల మూడు వందల నలభై దాకా చూస్తే చాలమ్మా, ఆపైన అక్కర్లేదు," అని దానియేలు ధైర్యం చెప్పాడు. క్యూలో ఉన్నవాళ్లంతా తలా ఒక ఎక్కం అందుకున్నారు. శేషం పడినప్పుడల్లా హాలంతా ఈలలు.

"అమ్మా, భలేగుందే! ఒక్కళ్లూ ముక్క చెయ్యలేకపోతన్నారు," అని నీరజ పడీపడీ నవ్వింది. ఒళ్లో ఎనిమిది పొట్ట రెండు చోట్లా ఊగింది.

"నవ్వమాకే, దిష్టి తగులుద్ది! సీటు పోతే నీ బతుకేంగాను?"

నాలుగున్నరకు దానియేలు గొంతు తగ్గించాడు. "ఒకటి కలిపేద్దామా అమ్మా? అందరూ కలిపించుకుంటున్నారు. పైకి తెలియదు."

"నొప్పి పుడుద్దా?"

"అబ్బే."

"వద్దమ్మా, నాకిట్టాగే బాగుంది," అంది నీరజ. భూలక్ష్మి అప్పటికే సంతకం పెట్టేసింది. చివరి ఏడు ఎనిమిదయింది.

దానియేలు సగం చేశాడు. శేషం లేదు. ఆ సగాన్ని సగం చేశాడు. లేదు. ముప్ఫై ఒక్కసార్లు సగం చేసినా శేషమన్న మాటే లేదు. "ఇంత మంచి పిల్లను నా సర్వీసులో చూడలేదమ్మా!" అని లేచి నిలబడ్డాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

పంపకం అక్కడికక్కడే జరిగింది. సగం తరగతులకు, మిగిలిన దాంట్లో సగం స్టడీ అవరుకు, ఇంకా మిగిలిన దాంట్లో సగం వారం పరీక్షలకు, ఆపైన మిగిలిన దాంట్లో సగం ర్యాంకు బోర్డుకు. అలా ముప్ఫై ఒక్క వాటాలు వెళ్లాక ఒకే ఒక్క ఒకటి మిగిలింది. లెక్క సరిచూశారు. పంచిన వాటాలన్నీ కూడితే పొద్దున వచ్చిన నీరజ, అంకె తేడా లేదు. మిగిలింది కౌంటరులో కలిపిన ఒకటి. దాన్ని ఇంటికి తీసుకెళ్లవచ్చన్నారు.

"ఆకలేస్తందా తల్లీ?" అనడిగింది భూలక్ష్మి, ఇంటికి రాగానే.

"నో మేడం," అంది ఒకటి, నిటారుగా నిలబడి.

గోడ మీంచి పక్కింటావిడ తొంగిచూసి ముచ్చటపడింది. "ఎంత బుద్ధిమంతురాలైందో! ఎట్టా చేశావు వదినా?"

"ఏముంది వదినా," అంది భూలక్ష్మి, ఎన్నాళ్లకో గుండె కుదుటపడి. "ఒక్క సంతకం. మీవాణ్ణి రేపే తీసకెళ్లు."