పేరు వింటేనే ఆగే నీళ్ళు

స్స్‌స్... టక టక టక టక... స్స్‌స్.

మంత్రిగారి బంగళా వెనక గదిలో పత్రికా ప్రకటన దిద్దుకుంటున్న పీఏగారి చెవికి ముందుగా సోకిన సంగీతం అది. విని, పులకించి, కలం మూసి, వరండాలోకి నడిచారు. లాన్‌లో స్ప్రింక్లర్లు తమంతట తాము లేచి తిరుగుతున్నాయి.

"ఇకమీదట నా మాట కాదని నా లాన్‌లో ఒక్క నీటిచుక్క నేల రాలదు!" అని నీటిపొదుపు శాఖామాత్యులు నిన్న సభలో ప్రకటించగా చప్పట్లు హాలు దాటి వినిపించాయి.

ఈ మహత్కార్యాన్ని సాధించినవారు మంత్రిగారి అల్లుడుగారు. చదువున్న కుర్రాడు, ఉద్యోగం లేని కుర్రాడు, అందుచేత తీరికకు లోటు లేని కుర్రాడు. నీళ్ళు రోజూ పొద్దున వాటంతటవే మొదలవుతాయి. ఆపాలంటే మాత్రం స్తంభానికి బిగించిన పెట్టె ముందు నిలబడి, మంత్రిగారి పేరు పలికి, 'ఆపు' అనాలి. మామగారి మీద భక్తితో చేసిన ఏర్పాటు. మామ, అల్లుడు, పీఏ, ఈ మూడు గొంతులకే లొంగుతుంది. పేరుకు ముందు 'గౌరవనీయ' అన్నా, వెనక 'గారు' అన్నా గుర్తుపట్టదు.

మంత్రిగారేమో మంత్రివర్గ మార్పుల మీద మాట్లాడడానికి అధినాయకుడి ఇంటికి వెళ్ళారు. అక్కడ ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు. ఇక్కడ విలేకరులు కెమెరాలతో సహా వచ్చేశారు.

లాన్ తడిసింది. కుర్చీల కాళ్ళు మునిగాయి. నీళ్ళు గేటు కింద నుంచి వీధిలోకి పారాయి. వారంగా కుళాయి మొహం చూడని వీధి బకెట్లతో బయటికొచ్చింది.

"అల్లుడుగారూ, ఇక ఆపించండి."

"నేనా? మామయ్యగారిని పేరు పెట్టి పిలవడమా? మా ఆవిడ గుమ్మం ఎక్కనిస్తుందా?"

"పోనీ, వాల్వు తిప్పేద్దాం."

"తీయించేశానండీ. చేత్తో తిప్పేది ఉంటే ఆటోమేషన్ అనిపించుకుంటుందా?"

"కరెంటు తీసేద్దాం."

"బ్యాటరీ పెట్టాను. కరెంటు పోయినా ఆగదు," అన్నారు అల్లుడుగారు, గర్వంగా.

ఇక మిగిలిన గొంతు పీఏగారిదే. కొలువులో చేరిన నాటినుంచి ఆ పేరు ఆయన నోట వెలువడి ఎరుగదు. కలవరింతల్లో కూడా 'సారు' అనే అంటారని వారి శ్రీమతే చెబుతారు. పైగా ఆయన్ను ప్రత్యేక కార్యదర్శిని చేసే ఫైలు మంత్రిగారి బల్లమీద సంతకం కోసం వేచి ఉంది. కెమెరాల ముందు ఏకవచనంలో పిలిచాక సంతకం పడుతుందా?

పెట్టె ముందు చేతులు కట్టుకున్నారు.

"జలబంధూ, ఆపండి!"

"పేరు చెప్పండి," అంది పెట్టె.

"ప్రజాహృదయ విహారీ! మా పాలిటి దైవమా!"

"పేరు చెప్పండి."

"నోట్లోంచి రాదేం బాబూ, అంత చెడ్డ పేరా?" అంది గేటు దగ్గర ఒక పెద్దావిడ.

"నువ్వూరుకో అత్తా! నా బిందె ఇంకా నిండలేదు," అని కసిరింది కోడలు.

ఒక విలేకరి ప్యాంటు మడిచి ముందుకొచ్చాడు. "నీటిపొదుపు ఎప్పుడు మొదలవుతుందండీ?"

"ఇదే పొదుపు," అన్నారు పీఏగారు, కనురెప్ప వేయకుండా. "నేలలో దాస్తున్నాం."

అప్పుడు ఫోన్ మోగింది. మంత్రిగారి డ్రైవరు.

"మన సారు లిస్టులో లేరండి."

"ఏ లిస్టులో?"

"మంత్రుల లిస్టులో. ఆటో ఎక్కి వచ్చేస్తున్నారు."

"ఖాయమేనా? సరిగ్గా కనుక్కున్నావా?"

"కొత్తాయన మన కార్లోనే కూర్చున్నారండి. ఏసీ పెంచమంటున్నారు."

పీఏగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. చొక్కా గుండీలు సరిచూసుకున్నారు. నడుము నిటారైంది. ఇన్నేళ్ళుగా వంగి ఉన్నందువల్ల ఆయన అంత పొడగరని ఎవరికీ తెలియదు.

సంగతి పసిగట్టిన అల్లుడుగారు నీళ్ళలో చపచపమంటూ పరుగెత్తుకొచ్చారు. "తప్పుకోండి, నేనంటాను! పెట్టె నాది!"

"ఆగు బాబూ, సీనియారిటీ నాది," అని ఆయన్ను భుజంతో పక్కకు నెట్టి, కెమెరాల వైపు ప్రసన్నంగా ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేలా పీఏగారు పిలిచారు.

"ఒరేయ్ పరాంకుశం!"