మరీ స్థానికుడు

నందికొట్కూరు పౌరులకు తెలియజేయడమేమనగా, గుండె, ఊపిరితిత్తులు కోసి బాగుచేయగల స్థానిక వైద్యుడు మన ప్రాంతానికి ఉండితీరాలని 2006వ సంవత్సరం మార్చి నెలలో కల్యాణ మంటపంలో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. అంతకు వారం ముందు ఎరువుల కొట్టు గోపన్న గుండె పట్టుకొని హైదరాబాదుకు జీపెక్కి, జడ్చర్ల దాటకుండానే పైకి పోయాడు. ఆయన సంతాపసభలోనే సాధన సమితి పుట్టింది. వేరుశనగ మండీ నాగేశ్వరయ్య అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు రాఘవేంద్రప్రసాద్ కార్యదర్శి, రోడ్ల కాంట్రాక్టరు నరసింహ గౌరవ సలహాదారు.

నాగేశ్వరయ్యకు ఈ పదవి ఊరికే రాలేదు. ఆయన భార్య సుందరలక్ష్మికి గుండెలో ఒక కవాటం మూసుకుపోతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. మూడు నెలల్లో ఆపరేషన్ జరగకపోతే ఇక దేవుడే దిక్కని డాక్టరొకాయన చెప్పాడు. నాగేశ్వరయ్యకు భార్యంటే ప్రాణం. ఆమె లేని ఇల్లు తలచుకుంటే అన్నం సహించేది కాదు. కాబట్టి ఆయన ఏమాత్రం ఆలస్యం చేయకుండా సమితి రెండో సమావేశం ఏర్పాటు చేశాడు.

పని చురుగ్గా సాగింది. రెండు ఊరేగింపులు తీశారు. థర్మోకోలుతో ఎద్దు తలకాయంత గుండె చేసి ట్రాక్టరు మీద తిప్పారు. ఉదయం టిఫినుకూ మధ్యాహ్నం భోజనానికీ నడుమ నిరాహారదీక్ష చేశారు. కడపవాళ్లకు మనకంటే ముందు సర్జను వస్తే చూస్తూ ఊరుకునేది లేదని నరసింహ గర్జించాడు. కడపలో కూడా ఎవరో మన గురించి ఇదే మాట గర్జిస్తున్నారని తెలిసి సభ్యులు సంతృప్తి చెందారు.

ఇంతలో అనుకోని ఆపద వచ్చిపడింది. వైద్యుడు దొరికాడు.

కర్నూలులో కొత్తగా తెరిచిన ఒక ఆసుపత్రిలో బాలస్వామి అనే గుండె సర్జను ఉన్నాడనీ, ఆయనది మన ఊరేననీ కబురొచ్చింది. అర్హతలు పరిశీలించడానికి ముగ్గురూ నరసింహ సుమోలో వెళ్లారు. పరిశీలన అంటే ఎంత చదివాడు, ఎన్ని గుండెలు కోశాడు అని అడగడం కాదు, అది అమర్యాద. ఏ వీధి, తాత ఎవరు, అమ్మమ్మవాళ్లది ఏ ఊరు అని తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒక వేరు మనకు తగలాలి. తగిలిందంటే ఆయన మనవాడు, హస్తవాసి మంచిది.

"మీది నందికొట్కూరులో యాడప్పా?" అని నరసింహ తవ్వకం మొదలుపెట్టాడు.

"శెట్టిగారి మండీ ఎనకాల సార్. ఆడ కాయలు చెరిగే జీవమ్మ కొడుకును. శెట్టిగారికి నేను తెలుసు గదా."

వేరు తగిలింది. ముగ్గురూ కాళ్లు కుర్చీల కిందికి లాక్కున్నారు. నాగేశ్వరయ్యకు డాక్టరు తెప్పించిన కాఫీ సగంలోనే చాలనిపించింది.

కార్యదర్శి నివేదిక సమర్పించాడు. "సదరు వైద్యుడు స్థానికుడే, సందేహం లేదు. అయితే మరీ స్థానికుడు. మన కళ్లముందు బస్తాలు మోసిన చేతిని గుండెలో పెట్టనివ్వడం ప్రజల మనోభావాలకు సంబంధించిన విషయం. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న పెద్దల మాటను సమితి గౌరవిస్తోంది. ఇకపై స్థానికుడనగా మన ఊరివాడై ఉండి, మన ఊళ్లో ఎవరూ ఎరగనివాడు." చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఇంట్లో మాత్రం మోగలేదు. "ఆ పిల్లోని చెయ్యి నాకు తెలుసు" అంది సుందరలక్ష్మి, మాటమాటకూ ఆగుతూ. "నా కాల్లో తుమ్మముల్లు ఇరిగిన్నాడు మీరంతా చూస్తా నిలబడిరి. వాడు పిన్నీసుతో తీసె. నొప్పే తెలీలా. వాని చేతనే చేపించండి."

"ముల్లు వేరు, గుండె వేరు. నలుగురూ ఏమనుకుంటారు?"

"నేను పోతే ఆ నలుగురే మోస్తారులే."

నాగేశ్వరయ్య మరునాడే ఆమెను హైదరాబాదుకు తీసుకుపోయాడు. అక్కడి ఆసుపత్రిలో అద్దాల తలుపులు మనిషిని చూసి వాటంతటవే తెరుచుకున్నాయి. తలుపులకే ఇంత మర్యాద ఉంటే డాక్టర్లకు ఎంత ఉంటుందోనని ఆయన మురిసిపోయాడు. ఎవరినీ ఊరు అడగలేదు, తాత పేరు అడగలేదు. ఇంగ్లీషు కాగితాల మీద వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలూ ఆయన అధ్యక్షుడు కాడు, శెట్టి కాడు. అహోబిలం నరసింహస్వామికి మొక్కులమీద మొక్కులు మొక్కుకుంటూ గోడకు ఆనుకొని కూర్చున్న ఒట్టి మొగుడు. చివరికి తలుపు తెరుచుకుంది. సర్జను బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు.

"శెట్టమ్మ బాగుండారు. ఇంగ భయం లేదు శెట్టిగారూ."

బాలస్వామి!

"నువ్వు... ఈడ..."

"కర్నూలులో నా దగ్గరికి ఎవరూ రారు. అందరూ ఈడికే వస్తాండారు. అందుకే వారానికి మూడు దినాలు నేనూ ఈడికే వస్తాండా. నిన్న వార్డులో శెట్టమ్మ నన్ను చూస్తానే గుర్తుపట్టె. మీకు మాత్రం చెప్పొద్దనె."

నాగేశ్వరయ్య ఆ రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకున్నాడు. బావురుమని ఏడ్చాడు. అది నిజమైన ఏడుపు. తరువాత కళ్లు తుడుచుకొని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఈ సంగతి మనూర్లో చెప్పొద్దప్పా."

హైదరాబాదు స్థాయి వైద్యం చేయించి పట్టణ ప్రతిష్ఠ పెంచినందుకు అధ్యక్షునికి కల్యాణ మంటపంలో శాలువా కప్పారు. సుందరలక్ష్మి ఇప్పుడు మెట్లు చకచకా ఎక్కుతోంది. నెలకోసారి పరీక్షకు కర్నూలు బస్సెక్కుతోంది. అహోబిలం మొక్కు తీర్చుకోవడానికి పోతోందని భర్త ఊళ్లో చెబుతున్నాడు.

స్థానిక సర్జను కోసం సమితి పోరాటం మాత్రం ఆగలేదు. మండీ గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం పెట్టారు. పాఠకులు కూడా ఒక సంతకం చేయవలసిందిగా మనవి. అన్నట్టు, ఇంతకీ ఆ బాలస్వామిది ఏ కులమని ఇందాకటి నుంచీ మీ నాలుక చివర ఆడుతున్న ప్రశ్న సమితి దృష్టికి వచ్చింది. ఇక సంతకం కూడా అవసరం లేదు, మిమ్మల్ని సభ్యులుగా చేర్చుకున్నాం.